పాత పైథాన్‌కు వేరు కాపురం: ఉబుంటు 24.04లో 3.8ని ప్యాకేజీగా కట్టి పోషించుకోవడం ఎలా?

"సర్వర్‌ను ఉబుంటు 20.04 నుంచి 24.04కి మార్చాం. పాత ప్రోగ్రాం లేవనంటోంది. పైథాన్ 3.8ని మళ్లీ ఎలా పెట్టుకోవాలి?"

ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను. 20.04కి మామూలు సపోర్టు 2025 మే నెలాఖరుతో అయిపోయింది కాబట్టి మారక తప్పదు. దాంతోపాటు వచ్చింది పైథాన్ 3.8. 24.04లో ఉన్నది 3.12. ఈ మధ్యలో పోయిన మాడ్యూళ్లూ మారిన పద్ధతులూ చాలానే ఉన్నాయి.

ఒక మాట ముందే. ఈ వ్యాసంలో కమాండ్లను పలికే తీరులో తెలుగులోనే రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. ప్యాకేజీలు పెట్టే కమాండును "ఏపీటీ" అని, ఓ-పి-టి ఫోల్డర్‌ను "ఆప్ట్" అని రాశాను. రెండూ కలిపేసుకోకండి.

ఇంకో మాట, ఇది మరీ ముఖ్యం. మెషీన్‌తో వచ్చిన పైథాన్3 మీది కాదు, ఆపరేటింగ్ సిస్టంది. దాన్ని మార్చకండి, తీసేయకండి, దాని పేరును ఇంకో వెర్షన్ వైపు తిప్పకండి. పాత వెర్షన్‌కు వేరే గది, వేరే పేరు ఇచ్చి వేరు కాపురం పెట్టించండి. కింద చెప్పిందంతా ఆ కాపురం ఏర్పాట్లే.

మొదట ఇది చూడండి: నిజంగా పాతది కావాలా?

ఎర్రర్‌లో "నో మాడ్యూల్ నేమ్‌డ్ డిస్ట్‌యుటిల్స్" అని ఉంటే తొందరపడకండి. 3.12లో డిస్ట్‌యుటిల్స్‌ను తీసేశారు. మీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (ఒక్కో ప్రోగ్రాంకు విడిగా ఉండే పైథాన్ ఫోల్డర్) సెటప్‌టూల్స్ పెడితే అదే పేరుతో దాని నకలు వస్తుంది. చాలామంది పని ఇక్కడితోనే అయిపోతుంది. "ఇంప్" అనే మాడ్యూల్ లేదంటే మాత్రం కోడ్‌లో ఇంపోర్ట్‌లిబ్‌కి మార్చాలి. రెండు మూడు చోట్లే ఉంటే అరపూట పని. ఆ అరపూట పెట్టడానికి బద్ధకించి రెండేళ్ల పాటు పాత వెర్షన్‌ను మోసేవాళ్లను చూశాను.

కోడ్ మీ చేతిలో లేకపోయినా, అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తకపోయినా, నంపై అనే లెక్కల లైబ్రరీ 1.24కే కట్టుబడి ఉన్నా పాత వెర్షన్ తప్పదు. అలాగైతే ముందుకు పదండి.

సులువైన దారులు, వాటి లోటుపాట్లు

ఒకే ఒక్క మెషీన్, అదీ కొన్ని నెలలకే అయితే సొంతంగా ప్యాకేజీ కట్టడం అనవసరం. ఇవి చూడండి.

- డెడ్‌స్నేక్స్ పీపీఏ (బయటివాళ్లు నడిపే ప్యాకేజీల నిల్వ). ఉబుంటు ఎల్‌టీఎస్‌లకు, అంటే ఏళ్ల తరబడి సపోర్టు ఉండే విడుదలలకు, పాత, కొత్త పైథాన్లు కట్టి ఇస్తారు. మీ వెర్షన్ ఉందో లేదో "ఏపీటీ-క్యాష్ పాలసీ పైథాన్3.8" కొడితే తెలుస్తుంది. సెక్యూరిటీ అప్‌డేట్లు వేళకు వస్తాయన్న హామీ లేదని వాళ్లే రాసి పెట్టారు. ఇంకో చిక్కుంది. డెబియన్ పద్ధతిలో కట్టిన పైథాన్లన్నీ /యూఎస్ఆర్/లిబ్/పైథాన్3/డిస్ట్-ప్యాకేజెస్ ఫోల్డర్‌ను పంచుకుంటాయి. అంటే 3.12 కోసం పెట్టిన మాడ్యూళ్లు 3.8కీ కనబడతాయి. అక్కడే విచిత్రమైన ఎర్రర్లు పుడతాయి. ఈ దారిలో వెళితే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ లేకుండా ఏదీ నడపకండి.
- డాకర్‌లో (ప్రోగ్రాంను కంటైనర్ అనే విడి పెట్టెలో నడిపేది) ఉబుంటు 20.04 ఇమేజ్. శుభ్రమైన దారే. కాకపోతే ఆ ఇమేజ్‌కూ మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయని గుర్తుంచుకోండి.
- ఉబుంటు ప్రో. 20.04లోనే ఉండిపోయి, పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకోవచ్చు. సొంత వాడకానికి 5 మెషీన్ల దాకా ఉచితం. సిగ్గుపడాల్సిన పనేం లేదు, చాలా ఆఫీసులకు ఇదే సరైన జవాబు.
- పైఎన్వ్, యూవీ. కావలసిన పైథాన్ వెర్షన్‌ను తెచ్చిపెట్టే పనిముట్లు. డెవలపర్ ల్యాప్‌టాప్‌కు బంగారం. యూవీ తెచ్చే పైథాన్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) లోపలే కలిసి ఉంటుంది. అంటే ఏపీటీ అప్‌గ్రేడ్ చేసినా దాని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మారదు. అందుకే సర్వర్ల మీద నాకు అంత ఇష్టం ఉండదు.

ఐదారు సర్వర్లు ఉండి, ఏడాదికి పైగా నడపాల్సి ఉంటేనే సొంత ప్యాకేజీ.

కావలసినవి

- మీ సర్వర్లలో ఉన్న ఉబుంటు వెర్షనే ఉన్న ఖాళీ కంటైనర్ లేదా వర్చువల్ మెషీన్. మీరు రోజూ వాడే ల్యాప్‌టాప్ వద్దు.
- పైథాన్ 3.8.20 సోర్స్. 3.8 వరుసలో చివరిది ఇదే, 2024 సెప్టెంబరులో వచ్చింది. మరుసటి నెలతో 3.8 అధికారిక ఆయుష్షు తీరింది.
- ప్యాకేజీలు పంచడానికి లోపలి వెబ్ సర్వర్ ఒకటి, సంతకానికి జీపీజీ కీ ఒకటి.
- ఒక టెక్స్ట్ ఫైల్. ఎందుకో చివర్లో చెబుతాను.

20.04లో ఉన్నది 3.8.10 కదా, అదే కడదాం అనుకోకండి. ఉబుంటువాళ్లు ఆ అంకెను అలాగే ఉంచి లోపల ప్యాచ్‌లు వేస్తూ వచ్చారు. మీరు బయటి నుంచి తెచ్చే 3.8.10లో ఆ ప్యాచ్‌లు ఉండవు. ఉదాహరణకు టార్ ఫైళ్లు విప్పేటప్పుడు ఫోల్డర్ దాటి బయట రాయకుండా ఆపే ఫిల్టర్ 3.8.17లో చేరింది. ఎప్పుడూ ఆ వరుసలో చివరిదే తీసుకోండి.

పని మొదలు

1. కంటైనర్‌లో బిల్డ్ సామాన్లు పెట్టండి: బిల్డ్-ఎసెన్షియల్, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్, జెడ్‌లిబ్1జి-డెవ్, లిబ్‌బిజెడ్2-డెవ్, లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఎ-డెవ్, లిబ్‌ఎఫ్‌ఎఫ్‌ఐ-డెవ్, లిబ్‌రీడ్‌లైన్-డెవ్, లిబ్‌ఎస్‌క్యూలైట్3-డెవ్, యుయుఐడి-డెవ్. కిటికీలు తెరిచే ప్రోగ్రాం ఉంటేనే టికె-డెవ్.

హెచ్చరిక: 24.04లో కట్టింది 22.04లో నడవదు. "గ్లిబ్‌సి ఫలానా వెర్షన్ నాట్ ఫౌండ్" అంటుంది, ఎందుకంటే 24.04లో గ్లిబ్‌సి (సిస్టం మూల సి లైబ్రరీ) 2.39, 22.04లో 2.35. రెండు రకాల సర్వర్లూ ఉంటే దేనికి దాంట్లో విడిగా కట్టండి.

2. సోర్స్ విప్పి, సంతకం సరిచూసుకుని, కాన్ఫిగర్ నడపండి. ఇవ్వవలసిన ఆప్షన్లు రెండే: ప్రిఫిక్స్ (ఎక్కడ పెట్టాలో చెప్పేది) /ఆప్ట్/పైథాన్3.8, ఇంకోటి ఎనేబుల్-ఆప్టిమైజేషన్స్. రెండోది ఇస్తే బిల్డ్ బాగా లేటవుతుంది, టీ తాగి రండి. మొదటిసారి ప్రయత్నంలో అది లేకుండానే కట్టి చూడండి, అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక చేర్చండి.

3. "మేక్" కొట్టండి. ఇప్పుడు అందరూ చేసే తప్పు: మేక్ అయిపోగానే సంతోషంగా తర్వాతి మెట్టుకు వెళ్లిపోతారు. ఆగండి. అవుట్‌పుట్ చివర్లో "ద నెసెసరీ బిట్స్ టు బిల్డ్ దీజ్ ఆప్షనల్ మాడ్యూల్స్ వర్ నాట్ ఫౌండ్" అని ఒక జాబితా వస్తుంది. దాని కింద "ఫెయిల్డ్ టు బిల్డ్ దీజ్ మాడ్యూల్స్" అని ఇంకోటి రావచ్చు. ఇవి ఉన్నా మేక్ గెలిచినట్టే బయటికి వస్తుంది, అదే మోసం. జాబితాలో ఎస్‌ఎస్‌ఎల్, సీటైప్స్, ఎల్‌జెడ్‌ఎంఎ, ఎస్‌క్యూలైట్3లో ఏ ఒక్కటి కనబడినా వెనక్కి వెళ్లి ఆ డెవ్ ప్యాకేజీ పెట్టి మళ్లీ కట్టండి. డీబీఎం, జీడీబీఎం, టికింటర్ మాత్రమే ఉంటే, మీకు వాటితో పనిలేకపోతే, వదిలేయండి.

4. ఇన్‌స్టాల్ చేసేది మెషీన్‌లోకి కాదు, ఒక ఖాళీ ఫోల్డర్‌లోకి: "మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్", దాని పక్కనే డెస్ట్‌డిర్ అని పెద్ద అక్షరాల్లో రాసి ఆ ఫోల్డర్ దారి ఇవ్వండి. "మేక్ ఇన్‌స్టాల్" వద్దే వద్దు. అది పైథాన్3, పిప్3 అనే పేర్లు కూడా సృష్టిస్తుంది. ఆల్ట్‌ఇన్‌స్టాల్ అయితే పైథాన్3.8, పిప్3.8 అనే పేర్లతోనే సరిపెడుతుంది. ప్రిఫిక్స్ మరిచిపోయి, సుడో పెట్టి, మేక్ ఇన్‌స్టాల్ కొట్టినవాళ్ల మెషీన్‌లో /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో కొత్త పైథాన్3 కూర్చుంటుంది. పాత్‌లో (కమాండ్లను వెతికే ఫోల్డర్ల వరుస) అదే ముందు కాబట్టి టెర్మినల్లో పైథాన్3 అని కొట్టిన ప్రతిసారీ అదే పలుకుతుంది.

5. ఏ లైబ్రరీల మీద ఆధారపడిందో కనుక్కోండి. ఆ ఖాళీ ఫోల్డర్‌లోని పైథాన్3.8 ఫైల్ మీద, లిబ్-డైన్‌లోడ్‌లో ఉన్న ప్రతి .ఎస్ఓ ఫైల్ మీద "ఎల్‌డీడీ" నడపండి. వచ్చిన ఒక్కో లైబ్రరీ ఏ ప్యాకేజీదో "డీపీకేజీ -ఎస్" చెబుతుంది (ఇక్కడ ఎస్ పెద్ద అక్షరం). /లిబ్ తో మొదలయ్యే దారికి "నో పాత్ ఫౌండ్" అంటే ముందు /యూఎస్ఆర్ చేర్చి మళ్లీ అడగండి. రెండు ఫోల్డర్లూ ఇప్పుడు ఒకటే, కానీ డీపీకేజీ లెక్కలో మాత్రం ఒక పేరే రాసి ఉంటుంది.

ఈ పేర్లను గుర్తున్నవాటి నుంచి రాయకండి. 22.04లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ ప్యాకేజీ పేరు లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3. 24.04లో లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టి64. 2038 సంవత్సరపు గడియార సమస్య కోసం పేర్లు మార్చారు. రీడ్‌లైన్ పేరూ అలాగే మారింది. పాత కంట్రోల్ ఫైల్‌ను (ప్యాకేజీ వివరాలు రాసేది, కింది మెట్టులో వస్తుంది) కాపీ కొట్టినవాళ్లంతా ఇక్కడే బోల్తా పడతారు.

6. ఆ ఖాళీ ఫోల్డర్‌లో డెబియన్ అని పెద్ద అక్షరాల్లో ఒక ఫోల్డర్, అందులో "కంట్రోల్" ఫైల్. ప్యాకేజ్, వెర్షన్, ఆర్కిటెక్చర్, మెయింటెయినర్, డిస్క్రిప్షన్ తప్పనిసరి. ఇందాక పోగేసిన పేర్లన్నీ డిపెండ్స్ వరుసలో రాయండి.

ప్యాకేజీ పేరు "పైథాన్3.8" అని పెట్టకండి. రేపు ఎవరైనా డెడ్‌స్నేక్స్ కూడా కలిపితే రెండూ ఒకటే అనుకుని ఏపీటీ ఒకదాని మీద ఇంకోదాన్ని ఎక్కిస్తుంది. మీ ఆఫీసు పేరు ముందు చేర్చి హైఫన్ పెట్టండి.

వెర్షన్ 3.8.20-1~24.04 అని ఇవ్వండి. చివరి ~24.04 ఊరికే పెట్టింది కాదు. దాని వల్ల 22.04కి కట్టింది 24.04కి కట్టినదానికన్నా చిన్నదిగా లెక్కకు వస్తుంది. సర్వర్‌ను అప్‌గ్రేడ్ చేసినప్పుడు కొత్తదానికి దారి తెరుచుకుంటుంది. అనుమానం ఉంటే "డీపీకేజీ --కంపేర్-వెర్షన్స్"తో సరిచూసుకోండి.

7. కట్టండి: "డీపీకేజీ-డెబ్ --రూట్-ఓనర్-గ్రూప్ --బిల్డ్", పక్కన ఫోల్డర్ పేరు. ఆ మొదటి ఆప్షన్ మరిస్తే ఫైళ్లన్నీ మీ యూజర్ నంబరు పేరు మీద వెళతాయి. సర్వర్‌లో అదే నంబరున్న ఎవరో ఒకరు పైథాన్‌లో చేయి పెట్టగలుగుతారు.

8. రిపాజిటరీలో (ఏపీటీ ప్యాకేజీలు తెచ్చుకునే నిల్వ) పెట్టండి. దానికి నేను ఆప్ట్‌లీ అనే పనిముట్టు వాడతాను, స్నాప్‌షాట్లు తీసి పెట్టుకోవచ్చు కాబట్టి. కొత్త ప్యాకేజీ తేడా చేస్తే నిన్నటి స్నాప్‌షాట్‌ను మళ్లీ పబ్లిష్ చేయడం ఒక్క నిమిషం పని. సర్వర్ల వైపు కీని /ఈటీసీ/ఏపీటీ/కీరింగ్స్‌లో పెట్టి, సోర్స్ వరుసలో "సైన్డ్-బై" తో దానికే కట్టేయండి. ఏపీటీ-కీ కమాండ్ పాత పద్ధతి, దాన్ని వాడకండి. అది మీ కీని అన్ని రిపాజిటరీలకూ నమ్మకస్తుడిని చేస్తుంది.

9. ప్రోగ్రాం కోసం వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తయారు చేయండి: "/ఆప్ట్/పైథాన్3.8/బిన్/పైథాన్3.8 -ఎం వెన్వ్", పక్కన ప్రోగ్రాం ఫోల్డర్. సిస్టండీ (సర్వీసులను నడిపేది) సర్వీస్ ఫైల్‌లో ఆ వెన్వ్‌లోని పైథాన్ పూర్తి దారి ఇవ్వండి. పాత్‌లో /ఆప్ట్‌ను కలపకండి. /ఈటీసీ/ఎన్విరాన్‌మెంట్‌లో ఎప్పుడో ఎవరో పెట్టిన పైథాన్‌పాత్ ఉందేమో కూడా చూడండి. ఉంటే తీసేయండి, అది రెండు కాపురాలనూ కలిపేస్తుంది.

పిప్‌తో పెట్టే ప్యాకేజీలు 3.8కి సరిపోయే చివరి వెర్షన్లనే వాటంతటవే ఎంచుకుంటాయి: నంపై 1.24, పాండాస్ 2.0, జాంగో 4.2. వాటిని ఒకసారి "పిప్ డౌన్‌లోడ్"తో తెచ్చి మీ దగ్గర దాచుకోండి, వెర్షన్లు రాసి పెట్టుకోండి. రేపు బయటి సర్వర్‌లో ఏది ఉంటుందో ఏది పోతుందో మన చేతిలో లేదు.

సరిగ్గా వచ్చిందా? ఇలా చూడండి

బిల్డ్ చేసిన కంటైనర్‌లో చూసి మురిసిపోకండి. అక్కడ డెవ్ ప్యాకేజీలన్నీ ఉన్నాయి కాబట్టి అన్నీ పనిచేస్తాయి. ఇంకో ఖాళీ 24.04 కంటైనర్ తెచ్చి, మీ రిపాజిటరీ నుంచి ఏపీటీతో పెట్టి, అక్కడ చూడండి.

- పైథాన్3.8తో ఒకే వరుసలో ఎస్‌ఎస్‌ఎల్, ఎస్‌క్యూలైట్3, బిజెడ్2, ఎల్‌జెడ్‌ఎంఎ, సీటైప్స్, రీడ్‌లైన్, జెడ్‌లిబ్, యుయుఐడి ఇంపోర్ట్ చేయండి. ఏమీ మాట్లాడకుండా బయటికి వస్తే గెలిచినట్టు.
- ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్‌లోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వెర్షన్ ప్రింట్ చేయండి. 3.0 వరుస కనబడాలి. 1.1 కనబడితే ఎక్కడి నుంచో పాత లైబ్రరీ దూరింది.
- "పైథాన్3 --వెర్షన్" ఇంకా 3.12 అనే చెప్పాలి. "విచ్ పైథాన్3" అంటే /యూఎస్ఆర్/బిన్ రావాలి.
- "ఏపీటీ-గెట్ చెక్" ఏ ఎర్రరూ చూపకూడదు.
- "-ఎం టెస్ట్"తో పైథాన్ సొంత పరీక్షలు నడపండి. అన్నీ పాస్ కావు, కంగారు పడకండి. పరీక్షల కోసం వాడే సర్టిఫికెట్లకు గడువు తీరి కొన్ని, కొత్త ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో పొసగక కొన్ని పోతాయి. మొదటిసారి పోయినవాటి జాబితా దాచుకోండి. తర్వాత ఎప్పుడు ప్యాచ్ వేసినా ఆ జాబితాతో పోల్చండి. కొత్తగా పోయింది ఏదైనా ఉంటే అదే మీ తప్పు.

చేయి కాల్చుకునే చోట్లు

అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్‌తో పైథాన్3ని 3.8 వైపు తిప్పడం. వెతికితే ముందు దొరికే సలహా ఇదే, కొరివితో తల గోక్కోవడం కూడా ఇదే. తిప్పగానే ఏమీ కాదు. సాయంత్రం టెర్మినల్ తెరుచుకోదు. రిపాజిటరీ చేర్చబోతే "ఏపీటీ_పీకేజీ మాడ్యూల్ లేదు" అంటుంది, ఎందుకంటే ఆ మాడ్యూల్‌ను 3.12 కోసమే కట్టారు. నేనూ ఒకప్పుడు ఒక ఆఫీసు సర్వర్ మీద ఈ ఘనకార్యం చేసి, ఆదివారం మొత్తం దానికే ధారపోశాను. ఇప్పటికే చేసి ఉంటే: "అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ --రిమూవ్-ఆల్ పైథాన్3" కొట్టి, /యూఎస్ఆర్/బిన్/పైథాన్3 లింకును పైథాన్3.12 వైపు "ఎల్‌ఎన్ -ఎస్‌ఎఫ్"తో చేత్తో తిప్పి, ఆ తర్వాత పైథాన్3-మినిమల్‌ను రీఇన్‌స్టాల్ చేయండి. వరుస మార్చకండి. లింకు సరిచేయకుండా రీఇన్‌స్టాల్ మొదలుపెడితే మధ్యలో నడిచే స్క్రిప్టులకు పాత పైథానే తగులుతుంది.

20.04 రిపాజిటరీని 24.04 సోర్స్ ఫైల్‌లో కలపడం. పైథాన్3.8 వస్తుంది, నిజమే. దాని వెంట లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్1.1 కూడా వస్తుంది, ఇక దానికి మీరే దిక్కు.

"పైథాన్3ని తీసేసి శుభ్రంగా మళ్లీ పెడదాం" అని ఏపీటీ రిమూవ్ కొట్టడం. ఏవేం పోతాయో ఏపీటీ జాబితా చూపిస్తుంది. అందులో ఉబుంటు-డెస్క్‌టాప్ పేరు చూసి కూడా ఎస్ కొట్టేవాళ్లుంటారు. కొట్టకండి.

పిప్ "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్" అని ఆపితే, బ్రేక్-సిస్టం-ప్యాకేజెస్ ఆప్షన్ ఇచ్చి నెట్టుకుపోవడం. ఆ ఆప్షన్ పేరులోనే ఉంది ఏం జరుగుతుందో.

కట్టడం ఒకరోజు, పోషించడం రోజూ

మీరు సిస్టం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కే ముడిపెట్టి కట్టారు కాబట్టి, ఉబుంటు దాన్ని అప్‌డేట్ చేసినప్పుడల్లా మీ 3.8కీ లాభమే. సర్వీసును రీస్టార్ట్ చేయాలి, అంతే. పైథాన్ సొంత లోపాలు మాత్రం మీ నెత్తి మీదే.

దానికి నేను చేసేది ఇది. డెబియన్ 11లో ఉన్నది పైథాన్ 3.9. దానికి డెబియన్ ఎల్‌టీఎస్ జట్టు 2026 ఆగస్టు దాకా ప్యాచ్‌లు చూసుకుంటుంది. ఆ సోర్స్ ప్యాకేజీలో డెబియన్/ప్యాచెస్ ఫోల్డర్ తెరిస్తే ఒక్కో లోపానికి ఒక్కో ఫైల్ ఉంటుంది. 3.9కీ 3.8కీ దూరం తక్కువ కాబట్టి చాలావరకు కొద్ది సర్దుబాటుతో సరిపోతాయి. ముందు "ప్యాచ్ -పి1 --డ్రై-రన్"తో చూడండి. పడితే వేసి, ఆ మాడ్యూల్ పరీక్ష ఒక్కటే నడిపి, పాత జాబితాతో పోల్చి, వెర్షన్‌ను 3.8.20-2~24.04 చేసి పబ్లిష్ చేయండి. వరుసలు ఎక్కడో ఉన్నాయని ప్యాచ్ మొరాయిస్తే బలవంతంగా ఇరికించకండి, కోడ్ చదవండి. చదివినా అర్థం కాకపోతే వదిలేసి, ఆ ప్రోగ్రాంకు బయటి నెట్‌వర్క్ తగలకుండా చేయండి. తప్పు ప్యాచ్ కంటే అది మేలు.

ఇప్పుడు ఆ టెక్స్ట్ ఫైల్. మొదటిరోజే అందులో నాలుగు ముక్కలు రాయండి: ఏ ప్రోగ్రాం కోసం పెట్టారు, ఏ సర్వర్లలో ఉంది, ఏయే ప్యాచ్‌లు వేశారు, ఎప్పుడు తీసేస్తారు. ప్యాకేజీలోనే పెట్టి పంపండి, /యూఎస్ఆర్/షేర్/డాక్ కింద. మీరు ఉద్యోగం మారితే మీ తర్వాత వచ్చినవాడికి దొరికేది అదొక్కటే.

సాగనంపే రోజు

ఎవరైనా ఇంకా వాడుతున్నారో లేదో "ఎల్‌ఎస్ -ఎల్ /ప్రాక్/*/ఎగ్జె" అవుట్‌పుట్‌లో పైథాన్3.8 కోసం వెతికితే తెలుస్తుంది. సుడోతో నడపండి, లేకపోతే మీ ప్రాసెస్‌లే కనబడతాయి. అప్పటికి నడుస్తున్నవే అందులో ఉంటాయి. నెలకోసారి మాత్రమే లేచే క్రాన్ పనులు దొరకవు. అందుకని వెంటనే తీసేయకండి. /ఆప్ట్/పైథాన్3.8/బిన్/పైథాన్3.8కి నడిచే అనుమతిని "సీహెచ్‌మాడ్"తో తీసి ఒక నెల, అందులో జీతాల తేదీ వచ్చేలా, వదిలేయండి. ఎవరైనా అరిస్తే ఒక్క కమాండ్‌తో తిరిగి ఇవ్వొచ్చు. ఎవరూ అరవకపోతే ఏపీటీ పర్జ్ చేసి, రిపాజిటరీలోంచి తీసి, చివరి స్నాప్‌షాట్ మాత్రం ఎక్కడో ఒకచోట దాచి ఉంచండి. మార్చి నెలాఖరుకు లెక్కలవాళ్ల నుంచి ఫోన్ వస్తుంది.